మా ఊరి మంచినీళ్ళు

పుట్టింటికి వెళ్ళే ఆడపిల్లలు పళ్ళో, స్వీట్లో పట్టుకెళ్తారు. నేను నీళ్ళు పట్టుకెళ్తాను. కొవ్వూరులో మా అత్తగారింటి కుళాయి కింద ప్లాస్టిక్ టిన్నులు నింపి, కారకుండా మూతలకి గుడ్డలు చుట్టి, ఆటోలో బస్టాండుకి చేర్చి, బస్సులో వెనక సీటు కిందకి తోస్తాను. ఆ దారిలో కండక్టర్లందరికీ నేను తెలుసు. "ఏంటమ్మా, గోదారంతా పట్టుకుపోతున్నారా? మాకేమన్నా ఉంచుతారా లేదా?" అని ఒకాయన ఎప్పుడూ వేళాకోళం చేస్తాడు. నేనూ నవ్వుతాను. గోదావరి జిల్లాలో పుట్టి, పుట్టింటికి నీళ్ళు మోసుకెళ్ళే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది.

మాది శివారు ఊరు. కాలవకి చిట్టచివర ఉన్న ఊళ్ళని అలా అంటారు. ఆనకట్ట దగ్గర బయల్దేరిన నీళ్ళు దారి పొడుగునా అందరి పొలాలూ తడిపి, అందరి గేదెల్నీ కడిగి, అందరి చెత్తా నెత్తికెత్తుకుని, ఇంకా ఓపిక మిగిలితే మా ఊరు వస్తాయి. మిగతావన్నీ అంతే. బస్సు మా ముందు ఊరి దాకా వచ్చి అక్కణ్ణించే తిరిగిపోతుంది. బళ్ళో టీచరుగారు సీసాలో నీళ్ళు తెచ్చుకుంటారు, అవి అయిపోయేసరికి బయల్దేరిపోతారు. నర్సమ్మకి క్వార్టర్సు కట్టారుగానీ, కొన్నాళ్ళు ఆ నీళ్ళు పోసుకునేసరికి జుట్టు గుప్పెళ్ళతో ఊడొచ్చి, ఆవిడ మకాం మార్చేసింది. ఎవర్నీ తప్పు పట్టను. నాకు కొవ్వూరు సంబంధం కుదిరినప్పుడు నేను మాత్రం వెనక్కి తిరిగి చూశానా?

మా నీళ్ళలో ఈ ఉప్పు ఎక్కడిదని అడిగితే మా వాళ్ళు సముద్రం వైపు చెయ్యి చూపిస్తారు. సముద్రం దగ్గరే, కాదనను. కానీ నా చిన్నప్పుడు కూడా అది అక్కడే ఉంది, మంచినీళ్ళ చెరువులో నీళ్ళు తియ్యగానే ఉండేవి. ఒకడు ఉప్పునీళ్ళ రొయ్యల చెరువు తవ్వాడు, పక్కవాడి వరి చచ్చింది. చచ్చిన వరి చూసి వాడూ తవ్వాడు. మా నాన్న మొండికేసి, మూడు వైపులా చెరువులు వచ్చేదాకా ఆగి, చివరికి మా పొలం చెక్క కూడా లీజుకి ఇచ్చేశాడు. ఇప్పుడు మా తమ్ముడు ఆ చెరువు గట్టు మీదే జీతానికి కాపలా ఉంటాడు. మా పొలానికే కాపలా, పొలమే లేదు. తిట్టుకోవాలంటే ముందు మమ్మల్ని మేమే తిట్టుకోవాలి.

ఊళ్ళో వాటర్ ప్లాంటు పెట్టారు. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి పేరున్న పలక ఇంకా నిగనిగలాడుతోంది, మిషను మాత్రం ఎప్పుడో పడుకుంది. తాగడానికి ఆటోలో వచ్చే టిన్నులు కొనుక్కుంటారు. వంటకీ, స్నానానికీ కూడా టిన్నులు కొనగలిగినవాళ్ళు మా ఊళ్ళో ఎందుకుంటారు? అన్నిటికీ పెరట్లో బోరింగే గతి. ఆ నీళ్ళకి కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, టీ పెడితే పాలు విరుగుతాయి.

ఆ విరిగిన టీయే మా తమ్ముడి పెళ్ళి చెడగొట్టింది, ఒకసారి కాదు. ఆడపిల్ల వాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వస్తారు. మాటలు బాగా నడుస్తాయి. కుర్రాడు తాగడు, పేకాడడు. ఇంతలో టీ వస్తుంది. పెద్దావిడెవరో గుక్క తాగి, లేచి పెరట్లోకి వెళ్ళి, బోరింగు కొట్టుకుని నోరు పుక్కిలిస్తుంది. వచ్చి మొగుడి మొహంలోకి చూస్తుంది. ఆ చూపుతో అయిపోయింది. "ఇంటికెళ్ళి కబురు చేస్తామండి" అంటారు. ఆ కబురు నేటికీ రాలేదు. ఒకావిడ మాత్రం మధ్యవర్తితో ఉన్న మాట చెప్పిందట, "కుర్రాడికి వంక లేదండి. మా పిల్ల ఆ నీళ్ళు తాగలేదండి" అని.

మా ఊళ్ళో ఆడపిల్లలకి పెళ్ళిళ్ళు త్వరగానే అయిపోతాయి. పదో తరగతి కాగానే, కాలేజీకి బస్సు లేదు కనక, ఎక్కడో తియ్యటి నీళ్ళ ఊరు చూసి పంపించేస్తారు. మగపిల్లలే మిగిలిపోతారు. సాయంత్రం కాలవ వంతెన మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. కొందరికి గడ్డం నెరుస్తోంది. వాళ్ళని ఇంకా కుర్రాళ్ళనే అంటాం. మరేమని అంటాం?

తమ్ముడు కూడా ఆ వంతెన ఎక్కుతాడేమోనని అమ్మ భయం. అందుకని దూరం సంబంధాలు వెతకడం మొదలుపెట్టింది. దూరపు కొండలు నునుపు అంటారే, ఆ సామెతే అమ్మకి ఉపాయం అయింది. మాది గోదావరికి పడమర శివారు. నది దాటి, కాకినాడ దాటి, అవతల ఎక్కడో ఉన్న ఊరి నుంచి ఒక సంబంధం వచ్చింది. "అంత దూరమైతే మన సంగతి వాళ్ళకేం తెలుస్తుంది?" అంది అమ్మ.

పిల్లని చూడటానికి వెళ్ళాం. గుమ్మంలోనే దాహం ఇచ్చారు. కుండలో పోసిన నీళ్ళు, చల్లగా, తియ్యగా ఉన్నాయి. అమ్మ ఒక గ్లాసు తాగి ఇంకో గ్లాసు అడిగింది. తాగుతూ గ్లాసు అంచు మీంచి నాకేసి చూసిన చూపు నేను మర్చిపోలేను. పిల్ల ఇంటర్ చదివింది, చామనఛాయ, గలగలా మాట్లాడుతుంది. లోపలి గదిలో మా ఇద్దరి దగ్గరా కూర్చుని ఒకే ఒక్కటి అడిగింది, "మీ ఊళ్ళో నీళ్ళు ఎలా ఉంటాయండి?" అని. నేను నోరు తెరిచేలోగా అమ్మ అందుకుంది. "నీళ్ళకేంటమ్మా, గుమ్మం ఎదురుగానే కాలవ!" అంది. అబద్ధం అనడానికి లేదు, కాలవ ఉన్నమాట నిజం.

తిరుగు బస్సులో అమ్మ పిల్ల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "ఆ నీళ్ళు చూశావుటే? అలాంటి ఊరితో వియ్యమందితే వీడికీ అటువైపే ఏదో ఒక పని చూపిస్తారు. వీడన్నా ఈ ఉప్పులోంచి బయట పడతాడు" అంది. అమ్మ కోరిక అదన్నమాట. కోడలు రావడం ఒక్కటే కాదు, కొడుకు వెళ్ళిపోవడం కూడా.

వాళ్ళు మా ఇల్లు చూసుకోవడానికి వచ్చే రోజుకి నన్ను నీళ్ళతో రమ్మంది. కొన్న టిన్ను నీళ్ళకి రుచి ఉండదు, ఇట్టే పట్టేస్తారని గోదావరి నీళ్ళే కావాలంది. కాళ్ళు కడుక్కోవడానికీ అవే, టీకీ అవే, పప్పుకీ అవే. తమ్ముడు బోరింగు చెయ్యి ఊడదీసి గడ్డిమేటులో దాచి, రిపేరని చెప్పాడు. పిల్ల తండ్రి దాహం పుచ్చుకుని, "నీళ్ళు బావున్నాయండి" అన్నాడు. "మా ఊరి నీళ్ళేనండి" అంది అమ్మ, తడుముకోకుండా. వాళ్ళ కారు వంతెన దాటాక నాన్న అరుగు మీద చతికిలపడి, "నూరబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. మనం ఒక్కటే కదా ఆడింది" అన్నాడు.

పెళ్ళి ఎక్కడ చెయ్యాలన్న మాట వచ్చినప్పుడు, ఇరు పక్షాలకీ మధ్యలో ఉంటుంది, రాజమండ్రిలో ఫంక్షన్ హాలు తీసుకుందాం అన్నారు వాళ్ళు. మా అమ్మ ఎగిరి గంతేసింది. మగపెళ్ళివారు అంత సులువుగా ఒప్పుకోవడం వాళ్ళకీ ఆనందమే అయింది. ఇంత మంచి వియ్యాలవారు దొరకరని ఒకళ్ళనొకళ్ళు తెగ పొగుడుకున్నారు.

కొత్త కోడలు వచ్చిన మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్ళింది. బోరింగు చెయ్యి మళ్ళీ బిగించి ఉంది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. నీళ్ళు కొట్టుకుని దోసిలితో నోట్లో పోసుకుంది. ఉమ్మేస్తుందనుకున్నాను. మింగేసింది. బోరింగు దిమ్మ మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. పరిగెత్తుకెళ్ళాను.

"ఏమ్మా, పడలేదా?" అన్నాను.

"పడకేం వదినా, పుట్టినప్పట్నించీ పడుతున్నవే కదా" అంది. నవ్వుతూనే ఉంది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "మాదీ ఇదేనండి. మా ఊరి చుట్టూ కూడా రొయ్యల చెరువులే. మీరొచ్చిన రోజు మా మావయ్య రాజమండ్రి నుంచి ఆటోలో తెచ్చాడు నీళ్ళు. ముందు రోజే కుండలో పోసి చల్లబెట్టారు."

బిందె పట్టుకుని వెనకాలే వచ్చిన అమ్మ అంతా వింది. "ఎంత మోసం! మా కళ్ళు గప్పారన్నమాట!" అని కేకేసింది. అంతలో బోరింగు చెయ్యి మీద చూపు పడి, నోరు మూసుకుంది. మా అమ్మ మాట మధ్యలో ఆపడం నేను చూడటం అదే మొదలు.

"చిన్నప్పట్నించీ ఒకటే అనుకునేదాన్నండి" అంది మరదలు. "మొగుడు ఎలాంటివాడైనా సర్దుకుంటాను, తల రుద్దుకుంటే నురగొచ్చే ఊరైతే చాలు అని." అమ్మ బిందె పక్కన పెట్టి ఆ దిమ్మ మీదే కూర్చుంది, కోడలి భుజం మీద చెయ్యి వేసింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలిస్తే తిట్టేదాన్ని.

ఆ తర్వాత తమ్ముడూ మరదలూ బయట పడాలని ప్రయత్నించలేదని ఎవరూ అనకూడదు. తమ్ముడు కాకినాడ వెళ్ళి ఒక కంపెనీలో కాంట్రాక్టు పనికి కుదిరాడు. ఇద్దరూ అద్దెకి ఒక గది తీసుకున్నారు. మొదటి ఆదివారం మరదలు నాకు ఫోన్ చేసి, "వదినా, నురగ!" అని ఒక్క మాట చెప్పి నవ్వింది. వాన కాలం దాటకుండానే పని ఆపేశారు. పదో తరగతి చదివి చెరువు గట్టు తప్ప ఇంకోటి తెలియని మనిషిని ఇంకెవరు పెట్టుకుంటారు? మళ్ళీ ఆ బోరింగు దగ్గరికే వచ్చారు. మరదల్ని పురిటికి పుట్టింటికి పంపించాం. నేను కొవ్వూరు రమ్మన్నాను, మొదటి కాన్పు పుట్టింట్లో కాకపోతే నలుగురూ ఏమంటారు అన్నారు వాళ్ళ వాళ్ళు. ఉప్పులోంచి ఉప్పులోకి వెళ్ళి, పిల్లని ఎత్తుకుని ఉప్పులోకే తిరిగొచ్చింది. ఊరికి మంచినీళ్ళ పైపులైను వస్తోందని ఇంటింటికీ కుళాయి బిగించారు. నీళ్ళు ఇంకా రాలేదు. అమ్మ ఆ కుళాయికి పాల పాకెట్ల సంచీ తగిలిస్తుంది.

మొన్నీమధ్య మరదలి దగ్గర్నించి ఫోను. మా పెదనాన్న కొడుకుని చూసుకోవడానికి ఎవరో వస్తున్నారట. అన్నయ్య వంతెన మీద కుర్రాళ్ళందరిలోకీ పెద్దవాడు. పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది కనక వచ్చేవాళ్ళకి మర్యాదలు మా ఇంట్లోనే. "టిన్నులు రెండు ఎక్కువ తెండి వదినా" అని, "ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామండి. ఆ పిల్లకి ఎవరో ఒకళ్ళు చెప్పాలి కదా" అంది. చెప్పమన్నాను. నిజంగానే చెప్పమన్నాను. అయినా టిన్నులు నింపుకునే బయల్దేరాను.

పిల్ల తల్లిదండ్రులు వచ్చారు. అన్నయ్య జుట్టుకి రంగేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బోరింగుకి అడ్డంగా నిలబడ్డాడు. దాని చెయ్యి తెల్లవారకుండానే గడ్డిమేటులోకి వెళ్ళిపోయింది. మరదలు చంకలో పిల్లతోనే దాహం తెచ్చిచ్చింది. వచ్చినావిడ గ్లాసు ఖాళీ చేసి, "ఎంత తియ్యగా ఉన్నాయమ్మా! ఎక్కడివి ఇవి?" అంది.

మరదలు నాకేసి చూసింది. నేను కళ్ళతోనే చెప్పమన్నాను. అన్నయ్యకేసి చూసింది. ఆయన చేతులు కట్టుకుని, కాలి బొటనవేలితో నేల మీద రాస్తున్నాడు.

"మా ఊరి నీళ్ళేనండి" అంది మరదలు. "ఇంకొంచెం పుచ్చుకోండి."

ఆవిడ మొహం విప్పారింది. సంచీలోంచి ఖాళీ సీసా తీసి, "కాస్త ఇందులో పోసిస్తావా తల్లీ? మా అమ్మాయి ఎవరింటి సంబంధమొచ్చినా ముందు నీళ్ళ సంగతే అడుగుతుంది. రుచి చూపిస్తాను" అంది. మరదలు పిల్లని నా చేతికిచ్చి, సీసా నిండా పోసి, మూత గట్టిగా బిగించి ఇచ్చింది.