ఆగండాగండి సర్దార్ గారు

బందరు ఫొటోగ్రాఫర్ సర్దార్ గారి నోట్లో ఉన్నది ఒకే ఒక్క మాట: ‘ఆగండి’. మిగతా తెలుగుతో ఆయనకి పెద్దగా పని పడలేదు. పెళ్లిళ్లలో ఆయన ఫొటోలు తీస్తుంటే పక్కన వీడియో తీసేవాణ్ణి నేను. కాబట్టి నేను తీసిన ప్రతి వీడియోలోనూ మంత్రాలకీ సన్నాయికీ మధ్య ఆయన గొంతే వినిపిస్తుంది. "మావాడి పెళ్లిలో పంతులుగారి కంటే మీ సర్దార్ గారే ఎక్కువ మాట్లాడారండీ" అని జనం నన్ను దులిపేస్తుంటారు.

ఆ ఒక్క మాటతోనే ఆయన లోకాన్ని నడిపిస్తారు. ‘ఆగండీ...’ అని సాగదీస్తే నవ్వమని. ‘ఆగు’ అని కత్తిరిస్తే పళ్లు మరీ అంతగా చూపించొద్దని. ‘ఆగాగాగు’ అంటే రెప్ప వెయ్యొద్దని. భోజనాల దగ్గర వడ్డించేవాణ్ణి "ఆగు" అన్నారంటే చాలని కాదు, కదలకుండా నిలబడి ఇంకాస్త వెయ్యమని. ఫోనెత్తితే హలో అనరు, "ఆగండి" అంటారు. అవతలివాళ్లు ఆగుతారు. ఈయనా ఆగుతారు. కాసేపటికి ఇద్దరూ పెట్టేస్తారు.

ఒకసారి గుడివాడలో పెళ్లికొడుకు మంగళసూత్రం పట్టుకుని చేతులెత్తగానే "ఆగండాగండి!" అని కేక పెట్టారు. సన్నాయి ఆగింది. మంత్రం ఆగింది. అక్షింతలు విసరబోయిన జనం చేతులెత్తి అలాగే ఉండిపోయారు, పోలీసులకి దొరికినట్టు.

"ఏమైందండీ?" అన్నాడు పెళ్లికొడుకు, ఎత్తిన చేతులు దించకుండానే.

"గడ్డం కొంచెం పైకి."

"నాదా, అమ్మాయిదా?"

"పంతులుగారిది."

ఆ రోజు ఆయన్ని తిట్టనివాళ్లు లేరు. తీరా ఆల్బం వచ్చాక చూస్తే ఒక్కరి రెప్పా వాలలేదు. తిట్టుకుంటూనే మళ్లీ ఆయన్నే పిలుస్తారు. పనిమంతుడు, ఏం చేస్తాం!

పోయిన మాఘంలో దివిసీమలో, నాగాయలంక దగ్గర ఒక పెళ్లికి వెళ్లాం. చేపల వ్యాపారం చేసుకునే మహాలక్ష్మి గారి ఒక్కగానొక్క కూతురు తేజస్విని పెళ్లి. సంబంధం వెతికినా, హాలు మాట్లాడినా, వంటవాళ్లతో వాదించినా అన్నీ ఆవిడే. తీరా పెళ్లి పీటల దాకా వచ్చేసరికి, భర్త పోయిన మనిషినని లేతరంగు చీర కట్టుకుని దూరంగా ఒక స్తంభం చాటున నిలబడ్డారు. ఆవిణ్ణి ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ రమ్మననూ లేదు. పిల్ల చూపు మాత్రం మాటిమాటికీ ఆ స్తంభం వైపే పోతోంది.

"అమ్మని నా పక్కకి పిలువు పెదనాన్నా" అంది తేజస్విని, కన్యాదానం చేసిన కాంతారావు గారితో.

"ఆచారమమ్మా. నా చేతుల్లో ఏవుంది?" అన్నాడాయన తల దించుకుని. చెడ్డవాడేం కాదు, నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం.

సర్దార్ గారు కెమెరాలోంచి కన్ను తియ్యలేదు. ఆ మాటలు విన్నారనే నేననుకోలేదు. పెళ్లికొడుకు మంగళసూత్రం అందుకున్నాడో లేదో, "ఆగండాగండి!"

"ఏంటయ్యా? వర్జ్యం వచ్చేస్తోంది!" అన్నారు పంతులుగారు.

"చీకటిగా ఉందండీ. లైటు పట్టుకోడానికో మనిషి కావాలి."

పట్టపగలు. కిటికీలోంచి ఎండ నేరుగా పెళ్లికూతురి మీదే పడుతోంది.

పెళ్లికొడుకు బావ ముందుకొచ్చాడు. "ఆగండి, మీరు పొడుగు. నీడ పడుద్ది." ఇంకొకాయన వచ్చాడు. "ఆగండి, మీ చొక్కా ఎరుపు. అమ్మాయి బుగ్గ మీద కొట్టుద్ది." కాంతారావు గారే లేవబోయారు. "మీరాగండి సార్, కన్యాదాత లేస్తే ఎట్టా?" అని కూర్చోబెట్టి, హాలంతా వెతికినట్టు వెతికి, స్తంభం వైపు చెయ్యి చాపారు. "ఆ లేతరంగు చీరావిణ్ణి రమ్మనండి. ఆ రంగు పక్కనుంటేనే ఫొటో మెత్తగా వచ్చుద్ది."

"ఆవిడ పెళ్లికూతురి తల్లి..." నసిగారు కాంతారావు గారు.

"అయితే ఏవండీ, లైటు పట్టుకోలేరా?"

ఆయన పంతులుగారి వంక చూశారు, పంతులుగారు గడియారం వంక చూశారు. వర్జ్యం చూస్తే ముంచుకొస్తోంది. మహాలక్ష్మి గారు బెరుగ్గా మండపం ఎక్కి లైటు స్టాండు పట్టుకున్నారు.

"ముందుకి రండమ్మా. ఇంకా. అమ్మాయి భుజం పక్కకి. ఆగండి. రెండో చెయ్యి బోసిగా ఉంది, ఫొటోలో బాగోదు. ఎవరైనా అందులో కాసిని అక్షింతలు పొయ్యండి."

పోసింది ఎవరనుకున్నారు? కాంతారావు గారే! "పట్టుకో అమ్మాయ్, వేసెయ్, టైమైపోతోంది!"

గట్టిమేళం మోగింది. అందరి కంటే ముందు తల్లి అక్షింతలే తేజస్విని తల మీద పడ్డాయి. పిల్ల తలెత్తి తల్లిని చూసి పకపకా నవ్వింది, పళ్లన్నీ కనబడేలా. సర్దార్ గారు ఆగమనలేదు. వరసపెట్టి ఫొటోలు తీసుకుంటూ పోయారు. ఇన్నాళ్లూ ఈ మనిషినా నేను విసుక్కున్నది అనిపించి, ఆయన చేతులు కళ్లకద్దుకోవాలనిపించింది.

అప్పుడు కనబడింది నాకు: లైటు వెలగడం లేదు. దాని ప్లగ్గు మండపం కింద నేల మీద పడి ఉంది. ఆవిడ చూస్తే నొచ్చుకుంటారేమోనని, గుట్టుగా పెట్టేద్దామని వంగి ప్లగ్గు అందుకున్నాను.

పైనుంచి మహాలక్ష్మి గారు పెదవి కదపకుండా అన్నారు. "పెట్టమాకు నాయనా. నేనిందాకే చూశా. వెలిగిందంటే, వేడికి అలిసిపోయావని ఎవరో ఒకరు లాగేసుకుంటారు. తలంబ్రాలు అయ్యేదాకా ఇట్టాగే పట్టుకుంటా."

ప్లగ్గుని తివాచీ కిందకి నెట్టేసి, నా కెమెరా దగ్గరికి వచ్చేశాను.