కార్ఖానా చివరి తలుపు

ఉస్తాద్ పోయారన్న కబురు నాకు అఫ్జల్‌గంజ్‌లో అందింది. ఒక బట్టల కొట్టులో అల్మారా తలుపు బిగిస్తున్నాను. పాత కార్ఖానాలో మాతో పనిచేసిన కమ్మరి అన్న సైకిలు దిగి, లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. "ఉస్తాద్ గుజర్‌గయే. జుమ్మా నమాజ్ అయినంక తీస్కపోతరంట," అన్నాడు. స్క్రూ సగం తిప్పి వదిలేశాను. కొట్టు యజమాని ఏదో అడిగాడు. పనిముట్లు అక్కడే వదిలి సైకిలు తీశాను. నయాపూల్ దాటి జహనుమా దాకా ఇద్దరం సైకిళ్ళు తొక్కుకుంటూ పోయాం గాని ఒక్క మాట మాట్లాడుకోలేదు. నోరు తెరిస్తే కార్ఖానాలో చివరి బండి ఎడమ తలుపు మాట వస్తుందని ఇద్దరికీ తెలుసు.

ఇది చదివేవాళ్ళలో చాలామందికి మా కార్ఖానా షెడ్డు ధాన్యం గోదాముగానే తెలిసి ఉంటుంది. అంతకు ముందు అది మోటారు కార్ఖానా. ఇంజను, చక్రాలు ఉన్న ఇనుప చట్రాలు విదేశాల నుంచి ఓడల్లో బొంబాయికి, అక్కణ్ణుంచి రైల్లో మాకు వచ్చేవి. వాటి మీద మేము టేకుతో ఒళ్ళు కట్టి, రేకు తొడిగి, తలుపులు బిగించి మోటారుగా బయటికి పంపేవాళ్ళం. ముప్పైమందిమి ఉండేవాళ్ళం. అందరికీ ఆయన ఉస్తాద్. నేను ఆయన పక్క బల్ల మీద వడ్రంగిని.

ఆయన టోపీ అంచులో ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క ఉండేది. చాయ్ సాసర్‌లో పోసుకుని సగం తాగి, మిగతా సగం దగ్గర ఎవరుంటే వాళ్ళ చేతిలో పెట్టేవారు. నాకు మొదట్లో కాస్త ఇబ్బందిగా ఉండేది, తర్వాత ఆ సగం నాకు రాని రోజున చిన్నబుచ్చుకునేవాణ్ణి. తలుపు చుట్టూ సందు కొలవడానికి ఆయన స్కేలు వాడేవారు కాదు. జేబులోంచి ఒక పాత పోస్టుకార్డు తీసి, తలుపుకీ అది కూర్చునే కర్ర చట్రానికీ మధ్య చుట్టూ జరిపేవారు. ఎక్కడా పట్టకుండా, ఎక్కడా వదులు కాకుండా నడిస్తే సరే.

మా కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉండేది. మోటారుకు చివరి తలుపు బిగించిన రోజున అందరూ పనిముట్లు కింద పెట్టేసేవాళ్ళు. ఉస్తాద్ తల వంచి ఆ తలుపును ఒక్కసారి వేసి, చప్పుడు వినేవారు. "తలుపు ఒక్క మాట చెప్పాలె. రెండు మాటలు చెప్పిందంటే లోపల ఏదో దాస్తున్నట్టే," అనేవారు. చప్పుడు ఒకటే వస్తే "కుదిరింది" అనేవారు. ఆ మాట ఆయన నోట వచ్చేదాకా కార్ఖానా మాలిక్ అయినా సరే బండిని గేటు దాటించేవాడు కాదు. వచ్చిన వెంటనే బెల్లం, పుట్నాలు పంచేవాళ్ళం.

యుద్ధం వచ్చింది. ఓడలు ఆగాయి, చట్రాలు ఆగాయి. ముప్పైమందిమి ముగ్గురమయ్యాం, ఉస్తాద్, కమ్మరి అన్న, నేను. షెడ్డులో ఒకే ఒక్క బండి మిగిలింది. అది ఒక జాగీర్దారుది. పెట్రోలు దొరకని రోజులు కాబట్టి ఆయనకు తొందర లేదు. తొందరంతా మాలిక్‌ది. ధాన్యం నింపుకోవడానికి ఎవరో షెడ్డు అడుగుతున్నారట. ఈ ఒక్క బండి బయటికి పోయిన రోజున కార్ఖానాకు తాళం వేస్తానని చెప్పేశాడు. ప్రతి గురువారం తన లెక్కలు రాసే మున్షీని పంపేవాడు.

మున్షీ వచ్చి ఆ బండికి చివరగా బిగించిన ఎడమ తలుపు వేసి చూసేవాడు. తలుపు రెండు మాటలు చెప్పేది.

"ఏంది ఉస్తాద్, ఇంకా కుదరలేదా?"

"వింటున్నరు గదా సాబ్. వానకు కర్ర పొంగింది. ఎండలు రానీయండి."

ఎండలు వచ్చేవి. "కర్ర ఎండి గుంజుకున్నది సాబ్. వానలు రానీయండి." ఇలా రెండేళ్ళు నడిచింది.

నాకు ప్రతి బుధవారం మధ్యాహ్నం నుంచే అన్నం సహించేది కాదు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే నా భార్య "రేపు గురువారమా?" అని అడిగేది. ఆమెకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఈ కార్ఖానా పోతే నగరంలో ఇంకో కార్ఖానా లేదు. మాలిక్ ఓపిక ఎప్పుడు తెగుతుందో, మమ్మల్ని ఎప్పుడు వెళ్ళగొడతాడో అని గుబులు. ఉస్తాద్ అప్పటికే అద్దాలు పెట్టుకున్నారు. ఆ తలుపు ముందు చాలాసేపు ఊరికే నిలబడేవారు. ఆయనకు చేతకావడం లేదని నేను నిజంగానే నమ్మాను. ఒక గురువారం మున్షీ గేటు దగ్గర జవానుతో "ముసలాయన చేయి పోయింది" అనడం నా చెవిన పడింది. నన్నే తిట్టినట్టు మండింది.

ఆ తర్వాతి బుధవారం ఉస్తాద్ మేనకోడలి నిఖా అని రాలేదు. కమ్మరి అన్న బొగ్గుల కోసం పోయాడు. నేను తలుపు దింపాను. కింది మడతబందు వెనక నాలుగు మడతలు పెట్టిన పోస్టుకార్డు ముక్క కనిపించింది. కళ్ళు మసకబారి అక్కడ మరిచిపోయారనుకున్నాను. అది తీసేసి, అంచు రెండు పొరలు చిత్రిక పట్టి, మళ్ళీ బిగించాను. తలుపు ఒక్క మాట చెప్పింది. ఉస్తాద్ పరువు నిలబెట్టానని పొంగిపోతూ ఇంటికి వెళ్ళి, ఆ సాయంత్రం కడుపునిండా తిన్నాను.

మరునాడు మున్షీ పెందలాడే వచ్చాడు. అతను తలుపు వేస్తున్న వేళకే ఉస్తాద్ గేటులోకి అడుగుపెట్టారు. చప్పుడు విని ఆగిపోయారు. నా వైపు చూశారు. నేను నవ్వాను. కమ్మరి అన్న ముఖం పాలిపోవడం చూశాను గాని ఎందుకో అర్థం కాలేదు.

ఉస్తాద్ టిఫిను డబ్బా కింద పెట్టి బండి దగ్గరికి వచ్చారు. పోస్టుకార్డు తీసి చుట్టూ జరిపారు. తల వంచి తలుపు వేశారు. ఇంకా కుదరలేదని ఆయన అంటే కాదనేవాళ్ళు ఎవరూ లేరు. మున్షీ కూడా ఆయన నోరే చూస్తున్నాడు. ఉస్తాద్ తలుపు మీద చెయ్యి తియ్యకుండా చాలాసేపు నిలబడ్డారు.

"కుదిరింది," అన్నారు.

బెల్లం ఆయనే పంచారు. నా దోసిట్లో కాస్త ఎక్కువ పెట్టి, "చేయి మంచిగున్నది బేటా నీది," అన్నారు. బండి గేటు దాటాక కమ్మరి అన్న నన్ను కొలిమి వెనక్కి లాక్కుపోయాడు. "ఆ ముక్క ఎందుకు తీసినవ్ రా? రెండేండ్ల నుంచి ఆ ముక్క మీదనే మనం బతుకుతున్నం," అన్నాడు. దోసిట్లో మిగిలిన బెల్లం కొలిమి గట్టున పెట్టేశాను.

నెల తిరగకముందే షెడ్డు నిండా బస్తాలు పడ్డాయి. యుద్ధం అయిపోయాక బస్తాలూ పోయాయి. యంత్రాలు ఎవరో కొనుక్కుపోయారు, పైరేకులు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. ఇప్పుడు లోపల మేకలు పడుకుంటున్నాయి. ఆ దారిన పోవలసి వస్తే నేను తల తిప్పుకుని సైకిలు తొక్కుతాను.

ఉస్తాద్‌కు ముఖం చూపించడానికి నాకు ఆరు నెలలు పట్టింది. జహనుమాలో ఇంటి ముందు కూర్చుని ఒక పసిపిల్లల తొట్టెలకు కాళ్ళు చెక్కుతున్నారు. చాయ్ తెప్పించి, సగం తాగి, సాసర్ నా చేతిలో పెట్టారు. దాంతో నాకు ఏడుపు ఆగలేదు.

"కుదరలేదని ఒక్క మాట అంటే అయిపోతుండె గదా ఉస్తాద్," అన్నాను.

"తలుపే చెప్పినంక నేనెట్ల కాదంట? వంకరున్నన్ని దినాలు వంకర అన్న. సీదా అయినంక సీదా అన్న." కాసేపు ఉలి ఆపి నవ్వారు. "ఫికర్ చెయ్యకు. నీకు బిడ్డ పుట్టిందట గదా. ఈ తొట్టెల నీకే."

నా కూతురు ఆ తొట్టెలలోనే పెరిగింది. ఇప్పుడు దాంట్లో నా కొడుకు పడుకుంటున్నాడు.

జుమ్మా నమాజ్ అయ్యాక ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి ఆయన ఇంటికి తిరిగి వచ్చాం. సెలవు తీసుకుంటుంటే పరదా వెనక నుంచి ఉస్తాద్ భార్య పిలిచింది.

"బేటా, ఈ వాకిలి తలుపు జర చూస్తవా? ఎన్నడు సక్కగ పడది. అడిగి అడిగి యాష్టకొచ్చింది. ఇది గూడ కుదిరితే నాకింకేం పని మిగుల్తది అని మీ ఉస్తాద్ నవ్వేటోళ్ళు."

ఆయన పనిపెట్టెలోంచి పేచ్‌కస్ తీసుకుని గడప దగ్గర కూర్చున్నాను. కింది మడతబందు స్క్రూ వదులు చేస్తే, వెనక నాలుగు మడతల పోస్టుకార్డు ముక్క అంచు కనిపించింది. కమ్మరి అన్న వంగి చూసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ ముక్కను ముట్టుకోకుండా స్క్రూ మళ్ళీ బిగించాను.

"వానకు కర్ర పొంగింది ఖాలా," అన్నాను. "ఎండలు రానీ, వచ్చి చూస్త."

మేము గల్లీ మలుపు తిరుగుతుండగా వెనక తలుపు వేసిన చప్పుడు వినిపించింది. రెండు మాటలు చెప్పింది.