పొదిగే కోడిని తిన్నవాణ్ణి

మా అక్క సత్తవ్వ గురించి చెప్పాలంటే ముందు నా గురించి చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. నేను అలుగుతాను. యాభై రెండేళ్లొచ్చాయి, కోరుట్ల నుంచి సిరిసిల్లకు తిరిగే బస్సులో కండక్టర్ని, పొద్దంతా జనం మీద అరిచి బతికేవాణ్ణి, ఇంకా కంచం ముందు చిన్నపిల్లాడిలా అలుగుతాను.

అక్కది చందుర్తి పక్కన చిన్న పల్లె. బావ పోయి చాలా ఏళ్లయింది. కూలికి పోతుంది, నాలుగు కోళ్లు పెంచుకుంటుంది. రెండేళ్ల కిందట ఒకరోజు చెప్పకుండా వెళ్లాను. అప్పుడే నాటు వేసి వచ్చింది, కాళ్లకు బురద కూడా ఆరలేదు. పొద్దున వండిన పప్పు, మామిడికాయ తొక్కు పెట్టింది. తోడబుట్టినవాడు వస్తే పప్పా అని నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. సగం అన్నం ఉండగానే కంచంలో చేయి కడిగేసి లేచి వచ్చేశాను. ఎనిమిది నెలలు మాట్లాడలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. నన్ను బతిమాలుకోవడానికి అక్క ఒకనాడు సిరిసిల్లలో నా బస్సే ఎక్కింది. చేతిలో పల్లికాయ సంచి. "తమ్మీ" అంది. నేను ముఖం కూడా చూడలేదు. "ఆధార్ కార్డు" అన్నాను.

ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్టు కొట్టాలంటే కార్డు చూడాలి, నిజమే. కానీ ఎవరిని అడుగుతున్నాను? ఏడో నెలలోనే పుట్టి, పాలు తాగే శక్తిలేని నా నోట్లో దూదివత్తితో మేకపాలు పిండి బతికించిన మనిషిని. అప్పటికి ఆమెకు పదేళ్లు. అక్క కొంగుముడి విప్పి, ప్లాస్టిక్ కవర్లోంచి కార్డు తీసి చూపించింది. టికెట్టు చింపి ఇచ్చాను. కోరుట్లలో దిగి, పల్లికాయ నా భార్య సుమలత చేతికిచ్చి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయిందట. ఆ తర్వాత సుమలత నన్ను తిట్టి తిట్టి మాటలు కలిపించింది. నేనేదో పెద్దమనసు చేసినట్టు కలిశాను.

మొన్న శివరాత్రికి వేములవాడలో స్పెషల్ డ్యూటీలు చేసి, మర్నాడు సెలవు దొరికితే అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, వస్తున్న. పప్పు పెడ్తే మాత్రం వాకిట్లకెల్లే మర్లిపోత!" అని నవ్వాను. పరాచికమే. అక్క కూడా నవ్వింది.

కోడికూర పెట్టింది. ముక్క పంటికింద సాగుతోంది. నా నోరు ఊరుకుంటుందా?

"ఏందక్కా, గీ కోడి నీకంటె పెద్దదా? ముక్క తెగుతనే లేదు."

"ఇంకింత సేపు ఉడకవెట్టేదుండె తమ్మీ," అంది, తప్పంతా తనదే అయినట్టు.

తిని పెరట్లోకి చేయి కడుక్కోవడానికి వెళ్లాను. గోడవారగా గంప. గంపలో గడ్డి. గడ్డిలో పదకొండు గుడ్లు. పక్కన ఎర్రటి ఈకలు కుప్పగా ఊడ్చి ఉన్నాయి. గుడ్ల మీద చేయి పెట్టి చూస్తే ఇంకా కొంచెం వెచ్చగా ఉన్నాయి. పొదిగే కోడి సరిగా మేత తినదు, గుడ్ల మీదే కూచుని ఎండిపోతుంది. తెగలేదని నేను వెక్కిరించిన ముక్క అదే.

"ఎన్ని దినాలైందక్కా కూసోబెట్టి?"

"పందొమ్మిది."

"ఇంక రెండు దినాలైతే పిల్లలొస్తుండె గద! నీకేమన్న తెలివున్నదా?" సిగ్గేస్తే నాకు కోపమే వస్తుంది, ఏం చేయను. ఆమె మీదే అరిచాను.

"నువ్వు పప్పంటే రానంటివి గద తమ్మీ. కడమ మూడిట్ని మొన్ననే కుక్కలెత్కపోయినయి. ఊళ్లె అడిగిన, ఎవలియ్యలే. ఇదొక్కటే ఉండె." గంపలో గడ్డి సర్దుతూ అంది: "పొదుగు మీదుండె గద, పట్టుకుంటే లేవను గూడ లేవలే."

ఆ మాట అక్క నన్ను దెప్పడానికి అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పిందంతే. కానీ నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. గుడ్లన్నీ తువ్వాలలో చుట్టి, నా అన్నం సంచిలో పెట్టుకున్నాను. "ఏం జేస్తవ్ తమ్మీ, పారేద్దాం తియ్యి" అని అక్క అంటున్నా వినలేదు. ఈ గుడ్లు పోతే అక్క పెరట్లో కోడన్నది ఉండదు. నావల్ల పోతుంది.

బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ పైన కప్పి కూర్చున్నాను. ఆ బండి కండక్టరు ప్రకాశ్ నా జూనియర్. సంచిలో ఏముందో చూశాడు. "ఏందన్నా, పొదుగుకు కూసున్నవా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఇంకో రోజైతే వాడి పని చెప్పేవాణ్ణి. ఆ రోజు సంచిని ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాను.

మా పక్కింటి వహీదాబీ బీడీలు చుడుతుంది, డాబా మీద కోళ్లు పెంచుతుంది. ఆమె కోళ్లలో అప్పుడు పొదుగుకొచ్చింది ఒక్కటీ లేదు. జరిగింది చెప్తే "తౌబా, తౌబా" అని చెంపలేసుకుంది. తర్వాత మాత్రం కొంగు బిగించింది. బిస్కెట్ల అట్టపెట్టె తెప్పించి, పక్కలకు బెజ్జాలు పెట్టింది. ఇప్పటి బల్బులు వేడెక్కవట. మూడు దుకాణాలు తిరిగితే నాలుగో దుకాణంలో దుమ్ముపట్టిన, వేడెక్కే పాతరకం పసుపు బల్బు ఒకటి దొరికింది. పెట్టెలో ఒక గిన్నె నీళ్లు పెట్టింది. గుడ్డు తీసి కనురెప్పకు ఆనించుకుని వేడి చూసేది.

"ఇంక ముట్టకు భయ్యా. పెంకు పగిలినా నువ్వు ఒలవకు. దాని రగతం లోపల ఇంకాలె. అదే బయటికి రావాలె."

ఇరవై ఒకటో రోజు చప్పుడు లేదు. చలి తగిలిన గుడ్లు, ఆలస్యమవుతాయని వహీదాబీ అంది. ఇరవై రెండో రోజు పొద్దున లోపలినుంచి సన్నగా అరుపులు. ఆరు గుడ్లకు చిన్న చిన్న పగుళ్లు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతే, అక్కడితో ఆగిపోయాయి. మధ్యాహ్నమైనా పగులు పెరగలేదు. ఒక గుడ్డులో ముక్కు కొస తెరుచుకుని మూసుకుంటోంది. వహీదాబీ బీడీలు అప్పజెప్పడానికి పోయింది. ఎంతసేపని చూడను? గోటితో పెంకు కొంచెం లేపాను. బాగానే ఉందనిపించింది. ఇంకొంచెం లేపాను. లోపలి పొర చిరిగి నెత్తురు చిమ్మింది. పిల్ల నా అరచేతిలో రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది.

వహీదాబీ రాగానే అబద్ధం చెప్పాను. "అదే అట్ల సచ్చి అచ్చింది."

ఆమె ముందు పిల్లను చూసింది, తర్వాత నా చేతిని. "గోర్లు కడుక్కో భయ్యా," అంది. చెప్పుతో కొట్టినా నాకు అంత అవమానం అయ్యేది కాదు.

మిగతా ఐదూ మర్నాటికి వాటంతటవే బయటపడ్డాయి. పగలని ఐదు గుడ్లూ లోపలే పోయాయి. వచ్చినవాటిని పిల్లలని ఎలా అనాలి? తడి ఆరని గుడ్డపీలికల్లా పక్కకు ఒరిగి పడున్నాయి, తల ఎత్తలేవు. ఒకదానికి కాళ్లు రెండూ చెరో పక్కకు జారిపోతున్నాయి. మొదటిరోజు మేత వద్దంది వహీదాబీ. గోరువెచ్చని నీళ్లలో బెల్లం కరిగించి, దూదితో ముక్కు పక్కన ఒక్కో చుక్క తాకించాలి. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తాయట. నేను నాలుగు రోజులు సెలవు పెట్టి గంటగంటకూ దూది ముంచుతూ కూర్చున్నాను.

సుమలత చూసి ఊరుకుంటుందా? "నిన్ను గూడ గిట్లనే సాదిందట మీ అక్క. కనీసం గీటిని ఆధార్ కార్డు అడుగకు," అంది.

నాకు కోపం రాలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి.

జారే కాళ్లకు బ్యాండేజీ గుడ్డ సన్నగా చింపి, నడవడానికి సందిచ్చి, రెండు కాళ్లూ కలిపి కట్టాము. వెనక రెట్ట గట్టిపడి మూసుకుపోతే వెచ్చని నీళ్లతో తుడిచాను. ఆ చేతులతోనే నేను టికెట్లు చింపేది. మూడోరోజు రెండు పోయాయి, చూస్తుండగానే. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఎట్లున్నయి తమ్మీ?"

"మంచిగున్నయక్కా. గంతులేస్తున్నయి," అన్నాను. అప్పటికి మూడింట్లో ఒక్కటీ సరిగా నిలబడటం లేదు.

నాలుగోరోజు కట్టు కట్టిన పిల్ల లేచింది. రెండడుగులు వేసి, నూకల పళ్లెంలో బోర్లాపడి, మళ్లీ లేచింది. నేను కేక పెడితే వహీదాబీ బీడీల చాట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఆ మూడూ బతికాయి. రెండు నెలలు సాకి, గంపలో పెట్టి తీసుకెళ్లి అక్కకిచ్చాను. అక్క ఒళ్లో పోసుకుని నవ్వింది. తప్పయిందని చెబుదామని దారంతా అనుకున్నాను. అక్కడికెళ్లాక చాయ్ తాగి, చెప్పకుండానే వచ్చేశాను.

దసరా వెళ్లాక ఒకరోజు ఫోన్ చేయకుండా పోయాను, చేస్తే మళ్లీ ఏం వండుతుందోనని. మూడూ పెరట్లో తిరుగుతున్నాయి. రెండు పెట్టలు, ఒక పుంజు. పుంజు ఎడమకాలు కొంచెం వంకర, మేము కట్టు కట్టింది అదే. అక్క నన్ను చూడగానే చేటలో నూకలు తీసి "బ, బ, బ" అని పిలిచింది. పుంజే ముందొచ్చింది. చటుక్కున రెక్కలు పట్టుకుని, చూరులోంచి కత్తి తీసింది.

"అక్కా, ఆగు. నాకు పప్పే పెట్టు," అన్నాను.

అక్క మొఖంలో రంగు పోయింది.

"ఏమాయె తమ్మీ? నేనేమన్న అన్ననా?"

"ఏం లేదక్కా. ఒట్టు. పప్పు తినబుద్ధయింది."

"నువ్వు పప్పంటే నాకు బయమైతది తమ్మీ. మల్ల ఎనిమిది నెల్లు రావు. మల్ల బస్సుల నన్ను కార్డు అడుగుతవు." నవ్వుతూనే అంది. పుంజును మాత్రం వదల్లేదు.

నేనే దాన్ని ఆమె చేతిలోంచి విడిపించి పెరట్లోకి వదిలాను. కంచం నేనే తెచ్చుకున్నాను. ఉట్టిమీద పప్పుంది, మామిడికాయ తొక్కుంది. అన్నం పెట్టుకుని, కలుపుకుని, ఒక ముద్ద తిన్నాను.

"తప్పయిందక్కా," అన్నాను.

"ఏమాయె, ఉప్పు తక్కువైందా?" అని అక్క గాభరాగా ఉప్పు డబ్బా అందుకుంది.

ఉప్పు సరిపోయిందని చెప్పి, రెండోసారి పెట్టుకున్నాను, మూడోసారి పెట్టుకున్నాను. నేను కంచం ఊడ్చి లేచేదాకా అక్క గడప దగ్గరే నిలబడి ఉంది, చేతిలో కత్తి కింద పెట్టకుండా.