సంవత్సరీకానికి పన్నెండు టార్టులు

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి, ఈ మూడు తాలూకాల్లోనూ గుడ్డు వేయకుండా కస్టర్డు టార్టు కాల్చిన మొదటి మగవాణ్ణి నేనే. వాటి రుచి చూడడానికి బెంగళూరు నుంచి బేకరీ యజమానులు కార్లు వేసుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళు. అందుకే పోయిన మంగళవారం మా అమ్మాయి ఫోను చేసి, "నాయనా, అమ్మ సంవత్సరీకం దగ్గరికొచ్చె. ఆ పొద్దు అమ్మకు ఇష్టమైనవి ఏమేం పెడదాం?" అని అడగగానే, "టార్టులు. నేనే చేస్తా," అనేశాను. దానికి మా అమ్మాయి, "స్టవ్వు ముట్టించేది తెలుసునా నాయనా నీకు?" అంది.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పురోహితుడు వెళ్ళిపోయాక, పోయినవాళ్ళ ఫోటో ముందు కొత్త బట్టలు పెట్టి, బతికుండగా వాళ్ళు ఆశపడి తిన్నవన్నీ ఆకులో వడ్డించి, గది తలుపు దగ్గరగా వేసి అందరం బయట కూర్చుంటాం. వాళ్ళు వచ్చి తిని వెళతారని నమ్మకం. ఇష్టమైనది ఏదైనా మరిచిపోతే ఆ ఆశతోనే తిరిగిపోతారట. నేను ఇవన్నీ పెద్దగా పట్టించుకునే మనిషిని కాను. కానీ మా ఇంటామె పోయి ఏడాదైనా నేను ఏడవలేదు. ఆమె పోయిన రోజు కూడా వచ్చినవాళ్ళకు కాఫీలు అందాయా, కుర్చీలు చాలాయా అని చూసుకుంటూ తిరిగాను. గట్టి మనిషి అని మెచ్చుకున్నారు. గట్టితనమేమీ కాదు. పన్ను పీకే ముందు సూది వేస్తే చిగురు ఎలా మొద్దుబారుతుందో అలా ఉంది; ఆ మందు నాకు ఇంకా దిగలేదు, అంతే. కన్నీళ్ళు ఎటూ పెట్టలేదు, ఆ ఆకైనా తప్పు లేకుండా పెట్టాలి. నాకు మిగిలిన పని అదొక్కటే.

ఇప్పుడొక సంగతి ఒప్పుకోవాలి. బేకరీ యజమానులెవరూ రాలేదు. ఒకాయన వచ్చాడు, అదీ చింతామణిలోని మా కొట్లో ఎండుద్రాక్ష బేరానికి. వచ్చింది కూడా బస్సులోనే. పెట్టింది తిని బాగుందన్నాడు. ఇక టార్టులంటారా, నేను వాటిని ఎన్నడూ చేయలేదు. చేసింది మా ఇంటామె. పక్కింట్లో అద్దెకుండిన కాలేజీ మేడం దగ్గర నేర్చుకుంది. మైదాలో వెన్న కలిపి చిన్న చిన్న గిన్నెల్లో వేలితో ఒత్తేది. పాలు నిమ్మరసంతో విరిచి, నా పాత పంచె ముక్కలో మూట కట్టి కొళాయికి వేలాడదీసేది. నీళ్ళు కారిపోయాక మిగిలిన ముద్దను నున్నగా మెదిపి, ఉడికించిన కస్టర్డులో కలిపి, గిన్నెల్లో పోసి, పైన ఎండుద్రాక్ష, ఖర్జూరం ముక్కలు అద్దేది. మూత మీద గాజు కిటికీ ఉన్న గుండ్రటి అల్యూమినియం ఓవెన్ ఒకటి ఉండేది మాకు. ఆ కిటికీలోంచి తొంగిచూడడమే నేను చేసిన వంట. కొట్టు నుంచి ద్రాక్ష తెచ్చేవాణ్ణి కూడా, దారిలో సగం తినేసి. ఆదివారం మధ్యాహ్నం మొదటి పళ్ళెం నాకే వచ్చేది. "ఎట్లుండాయి?" అని ఆమె గడప దగ్గర నిలబడి అడిగేది. "పోయిన వారం కంటే ఒక పిసరు తక్కువే," అనేవాణ్ణి, ఏడిపించడానికి. మళ్ళీ ఆదివారం ఇంకో పన్నెండు తయారు. ఎన్నేళ్ళయినా మానలేదంటే ఆమెకు అవంటే ప్రాణమే అయ్యుండాలి కదా.

సంవత్సరీకం ముందు రోజు పొద్దున్నే పనిలోకి దిగాను. మొదటిసారి పాలు విరగలేదు, రెండోసారి అవసరం లేనంతగా విరిగాయి. చివరికి అంచులు నల్లగా, నడుమ వణుకుతూ పన్నెండు టార్టులు బయటికి వచ్చాయి. ఇల్లంతా వెనకటి ఆదివారాల వాసన. ఇప్పుడైనా లోపల ఏదో కదులుతుందని స్టూలు మీద కూర్చుని కాచుకున్నాను. ఏమీ కదల్లేదు. ఒకటి కొరికాను. అట్టముక్క నమిలినట్టుంది. లేచి ఓవెన్ తుడిచాను.

అప్పుడే మా వదిన, అంటే ఆమె సొంత అక్క, మిట్టేమరి నుంచి బస్సు దిగి వచ్చింది. సంచి కింద పెట్టకుండానే పళ్ళెంలోకి చూసింది.

"ఏమప్పా ఇవి? ఏం కాల్చి పెట్టినావు?"

"టార్టులు వదినా. రేపు ఆకులో పెట్టేదానికి. ఆమెకు ప్రాణం కదా ఇవంటే."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఒకరు చెప్పేదేముంది? వారం వారం చేస్తా ఉండె కదా!"

"చేసింది నీకు. అది ఒకటన్నా నోట్లో పెట్టుకునేది చూసినావా నువ్వు? విరిగిన పాల వాసనంటే దానికి చిన్నప్పట్నించీ కడుపులో తిప్పుతాది. మా ఇంట్లో పాలు విరిగితే పెరట్లోకి పోయి కూసుండేది. గిన్నె కడిగినాకనే లోపలికొచ్చేది."

గడప దగ్గర నిలబడ్డ ఆమె గుర్తుంది. అడిగిన మాట గుర్తుంది. ఆమె చేతిలో టార్టు మాత్రం ఎంత వెతికినా కనబడలేదు.

"అయితే ఆమెకు ఏమిష్టమో నువ్వే చెప్పు వదినా. అదే చేయిస్తా."

వదిన సంచి కింద పెట్టి, నా మొహంలోకి చూసింది.

"నలభై మూడేండ్లు అది వడ్డిస్తే తిన్న్యావు. ఇప్పుడు నన్నడుగుతాండావా?"