పిల్లల గడిలో సున్నా

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మావారికి గానీ, కన్నతల్లికి గానీ, చివరికి నా డైరీకి గానీ ఇంతవరకు చెప్పని సంగతితో మొదలుపెడుతున్నాను. ఒక రోజు ఆఫీసు మీటింగులో ఉండగా నా కూతురి గురించి ఫోన్ వస్తే, “రాంగ్ నంబర్” అని చెప్పి పెట్టేశాను. పాపకు అప్పటికి పద్నాలుగు నెలలు. ఒళ్లు కాలిపోతోందని చెప్పడానికి చేసిన ఫోన్ అది!

నేను మీకు పెద్దగా తెలియదు. చివరి వరుసలో కూర్చుని, ఆరాధన అయిపోగానే వెళ్లిపోయే మనిషిని. నోటితో చెప్పే ధైర్యం లేకనే మన సంఘ పత్రికకు రాసిస్తున్నాను. ఒకే ఒక్కసారి మైకు పట్టుకున్నాను, మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చిందని, అది దేవుడే ఇచ్చాడని చెప్పాను, మీరందరూ చప్పట్లు కొట్టి స్తోత్రం అన్నారు. ఆ సాక్ష్యంలో సగం నేను చెప్పలేదు సహోదరులారా!

అంతకు ముందు వేరే కంపెనీవాళ్లు “పాపను ఎవరు చూసుకుంటారు?” అని అడిగి మళ్లీ పిలవలేదు. ఆ భయంతో, ఇక్కడ మేనేజరుగారు చిన్నపిల్లలున్నారా అంటే లేరన్నాను, చేరిన రోజు ఫారంలో పిల్లల గడిలో సున్నా పెట్టాను, పెన్ను ఒక్క క్షణం కూడా ఆగలేదు, అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఫోన్ మీద పాప ఫోటో తీసేసి ఒక పువ్వు బొమ్మ పెట్టుకున్నాను. టీకా రోజున పంటి నొప్పి అని, దగ్గు వచ్చిన రోజున గ్యాస్ బండ వస్తుందని చెప్పి ఇంటికి పరుగెత్తేదాన్ని. పక్క సీటులో ఉండే శ్రావణి ఒకసారి అందరిముందూ అననే అంది, “ఏందక్కా, మీ ఇంట్ల వారం వారం గ్యాస్ బండ వస్తది? హోటల్ గిట్ల పెట్టినవా ఏంది?” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మావారు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తారు. హఫీజ్‌పేటలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే యాదమ్మక్క పాపను చూసుకునేది, ఆ ఫోన్ చేసిందీ ఆమే. ఆమె చాలా ఏళ్లు అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసిన మనిషి. ఆ సెంటర్లో చంటిపిల్లలకు ఇచ్చే బాలామృతం పొడి తెచ్చి కలిపి పెడుతుంటే, సర్కారు పొడి మనకెందుకులే అక్కా అన్నాను, ఉద్యోగస్తులమన్న గర్వం అది. “పొట్టకు తెల్వదు బిడ్డా, ఎవలిచ్చిన్రో” అని ఇంకో చెంచా పెట్టింది.

ఏడు నెలలు ఒకటే ప్రార్థన చేశాను. “ప్రభువా, పాపను నాకు దగ్గరగా ఉంచు, నా అబద్ధం మాత్రం బయటపడనియ్యకు.” ఒకదానితో ఒకటి పొసగని రెండు కోరికలను ఒకే ప్రార్థనలో పెట్టి, జవాబు ఎందుకు రాదని ఏడ్చేదాన్ని!

ఆ జ్వరం రోజున ఫోన్ పెట్టేశాక పావుగంట సేపు తెర మీది బొమ్మలను చూస్తూ కూర్చున్నాను, ఏమీ కనబడలేదు. తర్వాత పంటి నొప్పని చెప్పి హైటెక్ సిటీ స్టేషనుకు పరుగెత్తాను. నేను ఆమె ఇంటికి చేరేసరికి యాదమ్మక్క పాపను బస్తీ దవాఖానకు తీసుకెళ్లి, మందు పోయించి, తడి గుడ్డతో ఒళ్లు తుడుస్తోంది, జ్వరం దిగుతోంది, దేవునికే మహిమ! ఫోన్ మాట ఆమె ఎత్తలేదు. విన్నదో లేదో నాకు తెలియలేదు.

“పరేషాన్ గాకు, ముందుగాల నీళ్లు తాగు” అంది. నేను తాగాక, “మా అంగన్‌వాడీల తల్లుల మీటింగ్ పెట్టినప్పుడు టీచరమ్మ చెప్పింది. యాభై మంది పనిచేసే కాడ పిల్లలను ఉంచేతందుకు జాగ ఉండాల్నంట, సర్కారు కానూన్ అంట. తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి చూసుకోవచ్చంట. మీ దాంట్ల యాభై మంది లేరా?” అంది.

ఇంటికి వచ్చి బీరువాలో చీరల కింద ఉన్న, ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన కవరు తీశాను. తల్లులకు ఏమేం సౌకర్యాలున్నాయో చేరే రోజే రాసివ్వాలని చట్టమట, ఆ కాగితం అందులోనే మడిచింది మడిచినట్టే ఉంది, పిల్లలను చూసుకునే చోటు మా ఆఫీసుకు ఉందని దాని మీద రాసి ఉంది! సున్నా రాసినదాన్ని కదా, నాది కాదనుకుని నేను విప్పనే లేదు. పుస్తకం కనబడితే చివరి అట్ట దాకా చదివేదాన్ని, ఆ ఒక్క కాగితం చదవలేదు. మోకాళ్లూనాను. “ప్రభువా, ఇది నువ్విచ్చావా, ప్రభుత్వం ఇచ్చిందా? నేను అడగకముందే ఎందుకు పెట్టావు? పెట్టినవాడివి నాకెందుకు చూపించలేదు?” స్తోత్రం రాలేదు, ప్రశ్నలే వచ్చాయి.

పాపను అక్కడ చేర్చాలంటే నిజం చెప్పాలి, చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో! మూడు రోజులు ఉపవాసముండి, హెచ్ఆర్ స్వర్ణలతగారి ముందు కూర్చుని అంతా చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి, “ఆ గడి ఇన్సూరెన్సు కోసమండీ! పాప పేరు రాసుంటే ఆస్పత్రి కార్డు కూడా వచ్చేది కదండీ, ఉత్తినే పోగొట్టుకున్నారు” అన్నారు. నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియదు. మేనేజరుగారికి చెబితే ఆయన “ఓకే” అని లాప్‌టాప్ వైపు తిరిగారు. కోపమో, క్షమించారో ఇవాళ్టికీ తెలియదు.

ఇప్పుడు మా షారోను పక్క టవర్ కింది అంతస్తులో ఉంటుంది. రోజుకు నాలుగుసార్లు లిఫ్టు దిగి వెళ్తాను, నా వేలు పట్టుకుంటుంది. అబద్ధంతో వచ్చిన ఉద్యోగాన్ని దేవుడిచ్చాడని చెప్పవచ్చో లేదో పెద్దలు మీరే చెప్పాలి, నా బుద్ధికి అందలేదు. ప్రతి ఆదివారం పాలకుల కోసం ప్రార్థన చేసినప్పుడు అలవాటుగా ఆమెన్ అనేదాన్ని, ఇప్పుడు ఆ ఆమెన్ నోరారా అంటున్నాను. నాకు తెలిసిందొక్కటే. నేను ఏడుస్తూ అడిగినది అప్పటికే నా ఇంట్లో ఉంది. బిడ్డను దాచుకుని పనిచేస్తున్న చెల్లెలెవరైనా ఇది చదువుతుంటే, అమ్మా, ఆయనను నమ్ము, ఆ కవరు విప్పు!

యాదమ్మక్క సంగారెడ్డిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లే రోజు పాప చెంచా, గిన్నె, మిగిలిన బాలామృతం ప్యాకెట్టు సంచిలో సర్ది ఇచ్చింది. “అక్కా, ఆ రోజు ఫోన్‌లో...” అని మొదలుపెట్టాను. ఆమె షారోనును నా చంకకు ఎత్తి, పాప నెత్తి మీది కుచ్చుటోపీ సర్ది ఇలా అంది.

“నా చెవులు మంచిగనే ఇనవడ్తయి బిడ్డా. ఇగ రేపటి సంది ఎవలడిగినా, షారోను నా బిడ్డ అని జర గట్టిగ చెప్పు.”