బావమరిది వేలు

తూనికల ఇన్‌స్పెక్టరుగారు బజార్లోకి అడుగుపెడితే తక్కెడలు వాటంతట అవే సర్దుకుని నిలబడేవని చెప్పుకునేవారు. పళ్లెం అడుగున అంటించిన మైనం ముక్కను వీధి మలుపులోంచే పసిగట్టే మనిషి. అలాంటివాడికి షుగరు వచ్చింది. మిఠాయి మానడం ఆయన వల్ల కాలేదు. రోజూ పొద్దున్నే వేలు పొడిచి మిషన్లో అంకె చూసుకోమన్నాడు వీధి చివరి డాక్టరు. చూసుకున్నాడు. కాకపోతే వేలు ఆయనది కాదు. భార్య తమ్ముడు వాళ్లింట్లోనే ఉండేవాడు. పుల్లలాంటి మనిషి, తెల్లారకముందే పరుగులు తీసే రకం. అతని వేలు అరువు తీసుకునేవాడు.

"నీ షుగరు నా అంత బాగుంది బావా," అనేవాడు బావమరిది, వేలు చీక్కుంటూ.

మిషన్లో పోగైన అంకెలు చూసి డాక్టరు మురిసిపోయేవాడు. ఆయనంత బుద్ధిమంతుడైన పేషెంటు ఇంకొకరు లేరనేవాడు. భార్య ఆ మాటను చుట్టాలందరికీ చేరవేసింది.

ఆ అంకెల ధైర్యంతోనే ఇన్‌స్పెక్టరు పిక్క మీది నిమ్మకాయంత కొవ్వుగడ్డను డాక్టరు కోసి కుట్లేశాడు. గడ్డ పోయింది గానీ పుండు మానలేదు. మందులు మార్చినా లాభం లేకపోయింది. కుట్ల అంచులు బొగ్గులా నల్లబడ్డాయి. డాక్టరు మళ్లీ మిషను చూసి, షుగరు బంగారంలా ఉంది కాబట్టి ఇంకో రకం బిళ్లలు వాడి వారం చూద్దామన్నాడు.

ఇన్‌స్పెక్టరు కాలి వంక చూశాడు. పక్కనే కూర్చున్న భార్య వంక చూశాడు. రెండింట్లో దేనికి ఎక్కువ భయపడాలో తేలలేదు.

"అవి నావి కావండి," అన్నాడు చివరికి.

"ఏవి?" అన్నాడు డాక్టరు.

"అంకెలు. మా బావమరిదివి."

డాక్టరు అక్కడికక్కడే ఆయన వేలు పొడిచాడు. మిషను అంకె వేయడం మానేసి, చాలా ఎక్కువ అని మాత్రం చెప్పి ఊరుకుంది. ఆ పూటే పెద్దాసుపత్రికి పంపించారు. అక్కడ పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే బూజని తేలింది. నిలవ రొట్టె మీద పట్టే జాతిది. మామూలు ఒంట్లో అది నిలదొక్కుకోవడం అరుదనీ, షుగరు అదుపు తప్పిన ఒళ్లు దొరికితే మాత్రం కాపురం పెట్టేస్తుందనీ, ఇన్నాళ్లూ మింగిన బిళ్లలు దాన్నేమీ చేయలేవనీ సర్జనమ్మ చెప్పింది.

"ఇంకొన్నాళ్లు ఆగుంటే కాలే తీసేయాల్సొచ్చేది. ఇప్పుడైతే గుప్పెడు కండతో పోతుంది," అంది.

ఆపరేషన్ గది తలుపు దగ్గర స్ట్రెచర్ ఆగింది. భార్య వంగి దుప్పటి సర్దింది.

"ఇంకా ఏమేం దాచారో ఇప్పుడే చెప్పేయండి. ఎలాగూ కోస్తున్నారు కదా."

ఇన్‌స్పెక్టరు గట్టిగా కళ్లు మూసుకున్నాడు. మత్తు ఇంకా ఇవ్వనే లేదు.