గేరుకో గింజ

డ్రైవింగ్ నేర్పే మా బావ రోజూ పొద్దున్నే స్కూలు కారు డాష్‌బోర్డు తెరిచి ఉడికించిన శనగల డబ్బా పెడతాడు. కారు కాగితాలు ఎక్కడున్నాయో ఆయనకే తెలియదు. పాలు, గుడ్లు, మాంసం, తేనె మానేసి నాలుగేళ్లయింది. తను మానేసి ఊరుకుంటే బాగానే ఉండేది. స్టీరింగు పట్టిన ప్రతివాడి చేతా మానిపించాలని చూస్తాడు. రెండు చేతులూ ఖాళీ లేని శ్రోత ఇంకెక్కడ దొరుకుతాడు?

"క్లచ్ తొక్కు. పొద్దున ఏం తిన్నావ్?"

"బ్రెడ్డండి."

"ఉత్త బ్రెడ్డా? గేరెలా పడుతుందయ్యా మరి!"

ఇంజను ఆగినా, గోడకు గీసుకున్నా ఆయన దృష్టిలో కారణం ఒకటే, ఆకుకూరల లోటు. ఎర్ర లైటు పడితే ఆయన పంట పండినట్టే. గుమ్మడి గింజలు, ముల్లంగి ముక్కలు మన నోట్లో కుక్కుతాడు. వెనక హారన్లు మోగితే "నమలనివ్వండయ్యా!" అని కిటికీలోంచి కసురుతాడు. ఇన్ని చెప్పే మనిషి బి12 మాత్ర వేసుకునేటప్పుడు మాత్రం మొహం అటు తిప్పుకుంటాడు. ఆకుల్లో దొరకనందుకు దానిమీద అలక.

మా పిన్ని దర్జీ. ఆస్పత్రి సిబ్బంది యూనిఫాంల ఆర్డరు వచ్చింది. కుట్టి, ప్రతి వారం తనే తీసుకెళ్లి అప్పగించాలి. డ్రైవరును పెట్టుకుంటే ఆమెకు మిగిలేది దారమే. వ్యాను ఉంది, లైసెన్సు లేదు. లారీ కనబడగానే రెండు కాళ్లూ బ్రేకు మీద పెట్టేసి రెండుసార్లు పరీక్ష తప్పింది. మూడోసారీ తప్పితే ఆర్డరు ఇంకొకరికి పోతుంది.

అందుకే బావ దగ్గర నేర్చుకుంటోంది. ఒకరోజు తోడు రమ్మంటే వెనక సీట్లో కూర్చున్నాను. ఎదురుగా లారీ. పిన్ని కాళ్లు రెండూ బ్రేకు వైపు జరిగాయి.

"అత్తయ్యా, టీలో ఆ పాలెందుకు? సోయా పాలు పోసుకోండి."

"నా టీ జోలికి రాకు అల్లుడూ!"

"వేరుశనగ పాలతో పెరుగు కూడా..."

"నీ పెరుగు నువ్వే తిను! మా అక్క నీకు పిల్లనెలా ఇచ్చిందో!"

"ఆవిడా అదే అంటుంది. మూడో గేరు వెయ్యండి."

పిన్ని తిట్టు ఆపకుండానే లారీకి దారిచ్చి గేరు మార్చింది.

ఆమె దిగి వెళ్లాక అడిగాను. "ఎందుకు బావా ఆవిణ్ణలా ఏడిపిస్తావ్?"

"భయపడకు అంటే మనిషి ఇంకా భయపడతాడు. తిట్టేటప్పుడు భయం ఉండదు. పాల మాటెత్తితే మీ పిన్నికి లారీ ఈగలా కనబడుతుంది."

"అందరికీ ఇదే మందా?"

"ఛ! మిగతావాళ్లు నిజంగానే శనగలు తినాలి."

పరీక్ష రోజు కార్లోకి బావను రానివ్వరు. పరీక్ష పెట్టే అధికారి పెదవి విప్పని మనిషి. పిన్ని మొహం పాలిపోయింది. బావ కిటికీలోకి తల దూర్చాడు.

"అత్తయ్యా, ఆదివారం మీ ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో వెన్నంతా పారబోస్తాను."

"రా! కాళ్లు విరగ్గొడతా!" అంటూనే పిన్ని బండి కదిలించింది.

ఇరవై నిమిషాల తర్వాత అధికారి నవ్వు ఆపుకుంటూ దిగాడు.

"వెన్న పారబోసేది నువ్వేనా? దారంతా నిన్నే తిట్టింది. బండి మాత్రం బాగా నడిపిందయ్యా."

సోమవారం పిన్ని వ్యానులో నూట ఇరవై జతలు వేసుకుని ఆస్పత్రికి బయల్దేరింది. పక్క సీటు ఖాళీగానే ఉన్నా బావను ఎక్కనివ్వలేదు.